మనోవ్యాధి నుండి పుట్టిన ఒక జీవితధ్యేయం: క్లిఫర్డ్ బీర్స్

తీవ్రమైన మనోవ్యాధి నిద్రను, ఆకలిని చెడగొట్టడంతో ఆగదు. ఎవరిని నమ్మాలి, దేనికి భయపడాలి, దేనికోసం బ్రతకాలి అన్న నిర్ణయాలనే తారుమారు చేస్తుంది. ఈ మార్పును స్వయంగా అనుభవించి, కోలుకొన్న పిదప గ్రంథస్థం చేసినవారు అరుదు. అమెరికాకు చెందిన క్లిఫర్డ్ బీర్స్ వారిలో ముఖ్యుడు.

బీర్స్ 1876లో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో జన్మించాడు. యేల్ విశ్వవిద్యాలయంలో చేరడానికి కొద్దికాలం ముందు ఆయన అన్నలలో ఒకరికి మూర్ఛవ్యాధి సోకింది. తనకూ అది తప్పదన్న భయం ఆయనను ఆరేళ్ళపాటు వెంటాడింది. 1900 జూన్‌లో ఆత్మహత్యకు ప్రయత్నించి, గాయాలతో బయటపడ్డాడు.

ఆసుపత్రి కిటికీకి ఉన్న ఇనుప చువ్వలను చూచి అది చెరసాల అనుకొన్నాడు. తాను చేసినది నేరం గనుక పోలీసులు నిఘా పెట్టారనీ, తనను చూడవచ్చే బంధువులు మారువేషంలో ఉన్న డిటెక్టివులనీ నమ్మాడు. నోరు విప్పితే ఆ మాటే సాక్ష్యమవుతుందని దాదాపు రెండేళ్ళు మౌనం వహించాడు. ఆయన తర్కశక్తి నశించలేదు. పునాది తప్పు, దానిపై కట్టడం మాత్రం పకడ్బందీగా సాగింది. అందువలననే ‘అదంతా నీ భ్రమ’ అని ఎంత చెప్పినా రోగికి ఎక్కదు. చెప్పేవారు సైతం కుట్రలో భాగస్థులుగానే కనిపిస్తారు.

ఆ నమ్మకం ఎవరి వాదనకూ లొంగలేదు. చివరకు బీర్స్ తానే ఒక పరీక్ష పెట్టాడు. మరొక అన్న జార్జికి ఉత్తరం వ్రాసి, వచ్చేటప్పుడు దానిని వెంట తెమ్మన్నాడు. అది నిజమైన అన్నకు మాత్రమే చేరుతుందని ఆయన లెక్క. 1902 ఆగస్టు 30న జార్జి ఆ ఉత్తరంతోనే వచ్చాడు. 798 రోజుల విషాదం ఆనాటితో వీడింది.

అయితే వ్యాధి పూర్తిగా నయం కాలేదు; రెండవ కొసకు ఊగింది. కుంగుబాటు పోయి మితిమీరిన ఉత్సాహం వచ్చింది. నేటి పరిభాషలో ఇది బైపోలార్ వ్యాధిని పోలిన స్థితి. గజాల పొడవున్న కాగితాలపై ఉత్తరాలు వ్రాశాడు. పిచ్చాసుపత్రులన్నిటినీ సంస్కరించగలనని ప్రకటించాడు. ఆ రోజులలోనే చేతులు కట్టివేసే బిగుతు చొక్కాను, చలిగదిని, సిబ్బంది దెబ్బలను చవిచూశాడు. నోరులేని తోటి రోగులు దెబ్బలు తినడం కళ్ళారా చూశాడు.

మరి ఆ సంస్కరణ సంకల్పం వ్యాధి లక్షణమా, వివేకమా? రెండూ కలిసి ఉన్నాయి. ఒక్కడినే లోకాన్ని మార్చగలనన్న ధీమా వ్యాధిది; రోగులకు అన్యాయం జరుగుతున్నదన్న తెలివిడి అనుభవానిది. బీర్స్ గొప్పతనం ఈ రెంటినీ విడదీయడంలో ఉన్నది. 1903లో ఇంటికి చేరాడు. ఉద్వేగం మళ్ళీ తలెత్తగా 1905 ఆరంభంలో తానే వెళ్ళి కొద్దికాలం ఆసుపత్రిలో చేరాడు. తరువాత నెమ్మదిగా పుస్తకాన్ని సరిదిద్ది, విలియం జేమ్స్ వంటి పెద్దలకు చూపించి, 1908లో ‘ఎ మైండ్ దట్ ఫౌండ్ ఇట్‌సెల్ఫ్’ పేరున ప్రచురించాడు. వైద్యులను నిందించి ఊరుకోక, వారిని కలుపుకొని అదే ఏడు కనెక్టికట్‌లో మానసిక ఆరోగ్య సంఘాన్ని, 1909లో జాతీయ కమిటీని స్థాపించాడు. 1930లో వాషింగ్టన్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహాసభకు ఆయనే ప్రధాన కారకుడు.

నేటి మందులేవీ ఆనాడు లేవు. వ్యాధి తిరగబెట్టగా 1939లో మళ్ళీ ఆసుపత్రిలో చేరి, 1943లో అక్కడనే కన్నుమూశాడు. అంతమాత్రాన ఆయన సాధించినది వ్యర్థం కాలేదు.

ఇంట్లో ఇటువంటి రోగి ఉన్నవారికి ఒక మనవి. భ్రమతో వాదించకండి; అవునని తలూపనూ వద్దు. దాని వెనుకనున్న భయాన్ని వినండి, చికిత్స మానకుండా చూడండి. రోగి ‘నేనిది చేయాలి’ అన్నప్పుడు మొత్తం పిచ్చిమాట అని కొట్టివేయక, మనసు కుదుటపడ్డాక మళ్ళీ అడగండి. అప్పుడు మిగిలినది అతని సొంత ధ్యేయం. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగులను గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. సలహా కావలసినవారు 14416 టెలీ మానస్ నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.