కొండ దారుల్లో సైకిల్: బ్రైట్ వెళ్లే ముందు తెలుసుకోవాల్సినవి

మా అబ్బాయి మూడేళ్లుగా మౌంటెన్ బైక్ తొక్కుతున్నాడు. అప్పటి నుంచి లాంగ్ వీకెండ్ వస్తే చాలు, "బ్రైట్ వెళ్తున్నాం, పిల్లలకు ఏ ట్రైల్ మంచిది?" అని తెలిసినవాళ్లు ఫోన్ చేస్తుంటారు. అందరికీ ఉపయోగపడుతుందని ఆ వివరాలన్నీ ఒకచోట రాస్తున్నాను.

ఎక్కడ ఉంది?
విక్టోరియా ఈశాన్యంలో, ఓవెన్స్ నది లోయలో, మౌంట్ బఫెలో దగ్గర ఉన్న చిన్న ఊరు బ్రైట్. మెల్‌బోర్న్ నుంచి కారులో దాదాపు నాలుగు గంటలు. ఊరిని ఆనుకునే పైన్ చెట్ల కొండ మీద మిస్టిక్ మౌంటెన్ బైక్ పార్క్ ఉంది. చెట్లు కొట్టే పనులప్పుడు, వాతావరణం బాగాలేనప్పుడు కొన్ని ట్రైల్స్ మూసేస్తారు. పాస్ నియమాలు, ఏ ట్రైల్స్ తెరిచి ఉన్నాయన్నది బయలుదేరే ముందే చూసుకోండి.

కొండ ఎక్కలేని అత్తయ్యలు, మామయ్యలు, చిన్నపిల్లల కోసం వాంగరాటా నుంచి బ్రైట్ వరకు పాత రైలు మార్గం మీద వేసిన ముర్రే టు మౌంటెన్స్ రైల్ ట్రైల్ ఉంది. తారు దారి, కార్లు తిరగవు. బ్రైట్ నుంచి పొరెపుంకా వరకు సుమారు 6 కిలోమీటర్లు. మొదటి రోజుకు అది చాలు.

గుర్తులు ఎలా చదవాలి?
తెల్ల వృత్తం అతి తేలిక, ఆకుపచ్చ వృత్తం తేలిక, నీలం చతురస్రం మధ్యస్థం, ఒక నల్ల డైమండ్ కష్టం, రెండు నల్ల డైమండ్లు నిపుణులకు మాత్రమే. నీలం అంటే "కాస్త కష్టం" అనుకుని కొత్తవాళ్లను తీసుకెళ్లకండి. అక్కడ రాళ్లు, వేర్లు, నిటారు వాలు ఉంటాయి. బీఎస్సీలో చదివిన ఫిజిక్స్ ఇక్కడ పనికొస్తుంది: వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది, దిగుడులో ఇంకా ఎక్కువ. బ్రేక్ మలుపులో కాదు, మలుపుకు ముందే వేయాలని పిల్లలకు నేర్పండి.

పోటీలు
క్రాస్ కంట్రీలో అందరూ ఒకేసారి బయలుదేరి ల్యాప్‌లు కొడతారు. డౌన్‌హిల్‌లో ఒక్కొక్కరే దిగుతారు, తక్కువ సమయం పట్టినవారు విజేత. ఎండ్యూరోలో దిగుడుకే టైమ్ లెక్క, ఎక్కడానికి కాదు. 2019లో జాతీయ చాంపియన్‌షిప్‌లు బ్రైట్‌లోనే జరిగాయి. ప్రపంచ చాంపియన్‌షిప్‌లు 1996, 2017లో కెయిన్స్‌లోనూ, 2009లో కాన్‌బెర్రాలోనూ జరిగాయి. పిల్లలు పోటీల్లో దిగాలనుకుంటే ముందు దగ్గరలోని సైక్లింగ్ క్లబ్‌లో చేర్పించండి. ఆస్‌సైక్లింగ్ సభ్యత్వం గురించి అక్కడే చెబుతారు.

భద్రత, ఖర్చు
హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. 1990లో ఈ నియమం మొదట తెచ్చింది విక్టోరియానే. మోకాలి, మోచేతి ప్యాడ్లు, వేళ్లు మొత్తం కప్పే గ్లవ్స్ కూడా కొనండి.

మనవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మెడికేర్ అంబులెన్స్ ఖర్చు ఇవ్వదు. విక్టోరియాలో హెల్త్ కేర్ కార్డు లాంటివి లేనివారికి బిల్లు వస్తుంది, హెలికాప్టర్ అయితే వేల డాలర్లు. అంబులెన్స్ విక్టోరియా కుటుంబ సభ్యత్వం ఏడాదికి ఒకసారి కడితే ఆ భయం ఉండదు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ల ఇన్సూరెన్స్‌లో అంబులెన్స్ ఉందో లేదో విడిగా చూడండి.

ఫోన్‌లో ఎమర్జెన్సీ ప్లస్ యాప్ పెట్టుకోండి. 000కి చేసినప్పుడు మీరు కొండలో సరిగ్గా ఎక్కడున్నారో అందులో చూసి చెప్పొచ్చు. పాము కరిస్తే మన ఊళ్లలోలా తాడు బిగించకండి, గాయం కడగకండి, కోయకండి. మనిషిని కదలనివ్వకుండా, వెడల్పాటి ఎలాస్టిక్ బ్యాండేజ్‌ను కాలికి లేదా చేతికి మొత్తం గట్టిగా చుట్టి 000కి ఫోన్ చేయండి. అలాంటి బ్యాండేజ్‌లు రెండు బ్యాగులో ఎప్పుడూ ఉంచుకోండి.

వేసవిలో అయితే ఆ రోజు అగ్నిప్రమాద హెచ్చరిక చూడకుండా బయలుదేరవద్దు. కెటాస్ట్రోఫిక్ అని ఉంటే ప్రయాణం మానుకోండి. ఎండ తగ్గి, ఆకులు రంగు మారే ఏప్రిల్, మే నెలలు కుటుంబంతో వెళ్లడానికి అన్నిటికంటే హాయి.