గాజుపొర మాటున కొయ్య

కశింకోటకు సముద్రము కానరాదు. అయినను ఊరి చెంత పాఱు శారదానది రాంబిల్లి సీమ దాటి బంగాళాఖాతముననే కలియుచున్నది. ఆ తీరమున పూడిమడక మొదలగు పల్లెలవారికి వేటయే జీవనాధారము. కావున అచ్చటి పడవల చరిత్ర ఈ సీమ చరిత్రలోని భాగమే.

పూర్వము ఈ తీరమున తెప్పయు, కుట్టుపడవయు వాడుకలో నుండెను. తెప్ప యనగా త్రాళ్ళతో బిగించిన తేలికకొయ్య దుంగల కూర్పు. వేట ముగియగానే కట్లు విప్పి దుంగలను ఇసుకపై ఆరబెట్టెడివారు. కుట్టుపడవలో ఇనుప మేకు లేదు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టెడివారు. భోజుని పేర వెలసిన యుక్తికల్పతరువు సైతము సముద్రమున పోవు ఓడకు ఇనుమును నిషేధించినది. అయస్కాంత శిలలు ఓడను లాగునని అది చెప్పిన కారణము. తీరవాసుల అనుభవము వేఱు: కెరటపు దెబ్బకు కుట్టు సాగి నిలుచును. కుట్లు విప్పి మరల కుట్టునపుడు ప్రతి పలకయు చేతికి వచ్చెడిది. ఇట్లు మరమ్మతు వాడుకలోనే ఇమిడియుండెను.

1979లో మద్రాసు కేంద్రముగా ఆరంభమైన బంగాళాఖాత మత్స్య కార్యక్రమము తీరమున దిగుటకు అనువైన ఫైబరు పడవలను రూపొందించి పరీక్షించెను. తరువాతి దశాబ్దములలో కొయ్య తెప్పల స్థానమును ఫైబరు తెప్పలు చాలవఱకు ఆక్రమించెను. గాజునార కుళ్ళదు, పురుగు తినదు. ఇక మరమ్మతు అక్కఱలేదను భ్రమ అచ్చటనే పుట్టినది.

ఏలనన, చాల పడవలయందు అమరమున మోటారును మోయు పలకలోను, అడుగును నిలబెట్టు దూలములలోను గాజుపొర మాటున కొయ్యయే కలదు. మరమేకు రంధ్రమునుండి చుక్కచుక్కగా నీరు దిగును. పొర ఆ తేమను వెలికి పోనీయదు. ఉప్పునీటికంటె నిలిచిన వాననీరే ఎక్కువ కీడు. శిలీంధ్రములు పెరిగి కొయ్య చివుకును. పైరంగు మాత్రము మెఱయుచునే యుండును. నడిసముద్రమున అమరపు పలక ఊడినచో ప్రాణములకే ముప్పు.

అట్టి పడవను ఉద్ధరించుటకు క్రమము కలదు. సుత్తితో మెల్లగా కొట్టినచో గట్టి కొయ్య ఖంగుమనును, చీకినది మొద్దుగా పలుకును. అనుమానమున్నచోట సన్నని రంధ్రము తొలిచి పొట్టు చూడవలెను. నల్లగా, తడిగా వచ్చినచో లోపల చెడినట్లే. కొయ్య తీయకముందే పడవ అడుగునకు ఊతము లమర్చవలెను. లేనిచో అది వంగి ఆ వంకరయే నిలిచిపోవును. లోపలి పొరను కోసి, చీకినదంతయు తీసి, పూర్తిగా ఆరనీయవలెను. క్రొత్త కొయ్యను అన్ని ప్రక్కల ఎపాక్సీతో పూసి, అమర్చి, గాజుబట్టతో కప్పవలెను. అతుకుచోట పొర మందమునకు పండ్రెండింతల వెడల్పున అంచును వాలుగా అరగదీసినచో పట్టు గట్టిపడును. అరగదీయునపుడు లేచు గాజుధూళి ఊపిరితిత్తులకు హానికరము గనుక ముసుగు తప్పదు. మేకు రంధ్రములను ఎపాక్సీతో నింపి మరల తొలిచినచో నీరు కొయ్యను తాకదు.

తూర్పు తీరమున ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు, 61 దినములు, వేట నిషేధము అమలగుచున్నది. మోటారు పడవలు ఒడ్డునుండు కాలమది. పూర్వులు దుంగలు విప్పి ప్రతి వేట చివర చేసిన పరీక్షను, ఆ దినములలో నొక్కమారైన సుత్తితో చేసినచో, పడవయు నిలుచును, దానిపై బ్రదుకు కుటుంబమును నిలుచును.