ప్రకాశం మెట్ట నీళ్లలో ఫ్లోరైడ్

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మెట్టలో, ముఖ్యంగా పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో, బావి నీళ్లలో కరిగి ఉండే ఫ్లోరైడ్ తరతరాలుగా జనం పళ్లనూ ఎముకలనూ పాడు చేస్తోంది. తాగునీటి వల్ల వచ్చే ఫ్లోరోసిస్ మన దేశంలో తొలిసారిగా వైద్య పత్రికలకు ఎక్కింది ఈ ఊళ్ల నుంచే. అయితే పాత వ్యాసాల్లో ప్రకాశం పేరు కోసం వెతికితే దొరకదు, 'నెల్లూరు జిల్లా' అని ఉంటుంది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా ఆ మూడు తాలూకాలూ నెల్లూరువే. ప్రకాశం పంతులు పేరు 1972లో పెట్టారు.

జబ్బును ముందు పసిగట్టింది రైతులేనంటారు. వయసులో ఉన్న ఎడ్లు కీళ్లు బిగిసి కాడి మొయ్యలేకపోవడం వాళ్ల కంట పడింది. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి ఈ నీళ్ల మీద, జనం మీద వ్యాసం ప్రచురించారు. పళ్ల మీది గారకు కారణం నీళ్లలోని ఫ్లోరైడేనని అమెరికాలో చర్చిల్ అనే రసాయనవేత్త తేల్చి అప్పటికి ఆరేళ్లే. అక్కడివాళ్ల బాధ ఎక్కువగా పళ్లతోనే. ఇక్కడ వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి, మెడ తిరగక, మనిషి నిలువునా బిగుసుకుపోయేవాడు. ఎముకలకు పట్టే ఈ రూపాన్ని అంతకుముందు డెన్మార్క్‌లో క్రయొలైట్ ఫ్యాక్టరీ కూలీల్లో చూశారు. ఇక్కడివాళ్లు ఏ ఫ్యాక్టరీ గడపా తొక్కలేదు, ఊరి బావి నీళ్లు తాగారు, అంతే.

నీళ్లలో మాంగనీసు ఎక్కువైతే బిందె అడుగున నల్లటి మడ్డి చేరుతుంది. ఇనుమైతే తుప్పు రంగు తేలుతుంది. ఫ్లోరైడ్‌కు రంగూ రుచీ వాసనా లేవు. ఆ రోజుల్లో దాన్ని పట్టుకోవడానికి వాడిన పద్ధతి కంటికి ఇంపుగా ఉండేది. జిర్కోనియం, అలిజరిన్ కలిపితే వచ్చే ఎర్రటి రంగులో నీళ్లు పోస్తారు. ఫ్లోరైడ్ ఉంటే జిర్కోనియాన్ని తనవైపు లాగేసుకుంటుంది, ఎరుపు వెలిసి పసుపులోకి దిగుతుంది. ఎంత వెలిస్తే అంత ఫ్లోరైడ్ ఉన్నట్టు.

ఇది వచ్చేది రాళ్లలోంచి. వినుకొండ నుంచి దర్శి, పొదిలి, కనిగిరి దాకా అక్కడక్కడా పైకి తేలిన గ్రానైట్లలో ఫ్లోరైట్, నల్ల అభ్రకం వంటి ఖనిజాలున్నాయి. అయితే రాయిలో ఉన్నదంతా నీళ్లలోకి రాదు, కాల్షియం కాపలా కాస్తుంది. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే సులువుగా కరగని కాల్షియం ఫ్లోరైడ్ అవుతుంది. లీటరుకు 40 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ సుమారు 3 మిల్లీగ్రాముల దగ్గర ఆగుతుంది. కాల్షియం 10కి పడిపోతే ఆ హద్దు రెట్టింపవుతుంది. వానలు తక్కువగా, ఎండలు ఎక్కువగా ఉన్న మెట్టలో కాల్షియం ముందే సున్నపు గుళ్లుగా నేలలో పేరుకుపోతుంది. కిందికి దిగే నీళ్లలో మిగిలేది సోడియం బైకార్బనేటు, అంటే మన వంటసోడా. అలాంటి నీళ్లలో కందిపప్పు త్వరగా మెత్తబడుతుంది, సబ్బు బాగా నురుగొస్తుంది. పప్పు ఉడకని గడుసు నీళ్లను ఛీ కొట్టి, ఇంటివాళ్లు మెచ్చుకుని తెచ్చుకున్న బిందెలోనే తరచు ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండేది. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు.

మందుకు మాత్రం వేరే జిల్లా పేరు దక్కింది. 1970ల్లో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన 'నల్గొండ పద్ధతి'లో వాడేవి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు. ఇంట్లో చేసుకునే వాళ్లకు నలభై లీటర్ల బకెట్టు చాలు. అడుగు నుంచి రెండు మూడు వేళ్ల పైన కుళాయి ఉండాలి. మందులు కలిపి పది నిమిషాలు మెల్లగా తిప్పితే నీళ్లు మబ్బు పట్టి, విరిగిన పాలలా తెట్టెలు కడతాయి. అది అల్యూమినియం హైడ్రాక్సైడ్. ఫ్లోరైడ్‌ను అంటించుకుని గంటలో అడుక్కి దిగుతుంది, పైనున్న తేట పట్టుకోవాలి. చిక్కల్లా పటిక కొలతతో. ఫ్లోరైడ్ పెరిగినా, నీళ్లలో వంటసోడా గుణం పెరిగినా పటిక కూడా పెంచాలి. ఒక ఊరి లెక్క పక్క ఊరికి పనికిరాదు. ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. రోజూ ఇంటిల్లిపాదికీ ఈ పని చెయ్యడం ఎవరి వల్లా కాలేదు.

చివరికి నమ్మదగింది కృష్ణా నీరే. నాగార్జునసాగర్ కుడి కాలువ నీళ్లు చెరువుల్లో నింపి పైపుల ద్వారా ఊళ్లకు ఇస్తున్నారు. అవి అందని చోట ఇరవై లీటర్ల క్యాన్లే ఆధారం. ఆ క్యాన్ల నీళ్లు శుద్ధి చేసే ఆర్వో యంత్రం ఫ్లోరైడ్‌ను మాయం చెయ్యదు, వేరు చేస్తుంది. పనికిరాదని వదిలేసే నీళ్లలో అది మరింత చిక్కబడి మురిక్కాలువలోకి పోతుంది. ఇక క్యాన్ తాగడానికే, వంటకు బోరు నీళ్లే. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. ఆవిరయ్యేది నీళ్లే గనక, ఎసరు ఇగిరే కొద్దీ దాని పాలు పెరుగుతుంది.