మా తాఖుల్లోని కితాబులు

మళ్లీ మళ్లీ చదివే పుస్తకమేదని తెలుగు పత్రికలు అప్పుడప్పుడూ రచయితల్ని అడుగుతుంటాయి. జవాబుల్లో 'బారిస్టర్ పార్వతీశం', 'అసమర్థుని జీవయాత్ర', 'అమరావతి కథలు' వరసగా వస్తాయి. మంచి పుస్తకాలే. నేనూ చదివాను, ఒకటికి రెండుసార్లు చదివాను. కానీ చేవెళ్లలోనో మొయినాబాద్‌లోనో ఓ ముస్లిం ఇంటి గడప దగ్గర నిలబడి ఈ ప్రశ్న ఎవరైనా అడిగారా? తురకోళ్ల ఇంట్లో పుస్తకమేముంటది అన్న అనుమానం అడగకముందే ఉంటుంది. పంక్చర్ దుకాణం, మటన్ దుకాణం, నెత్తిన టోపీ. మా బొమ్మ అంతవరకే గీసి పెట్టారు.

మా ఇళ్లలో పుస్తకాలుండేవి. గోడలోని తాఖులో, అంటే గూట్లో ఉండేవి. అన్నిటికన్నా పైన జుజ్‌దాన్‌లో చుట్టిన ఖురాన్. దాన్ని రేహల్ మీద పెట్టి, అర్థం తెలియకపోయినా అక్షరం తప్పకుండా చదివేవాళ్లు. రంజాన్ నెలలో మొదటి నుంచి చివరిదాకా పూర్తి చేసి, మరుసటి రంజాన్‌లో మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. ఒకే గ్రంథాన్ని జీవితాంతం చదవటం మాకు మజ్జిగన్నం తిన్నంత మామూలు సంగతి.

దాని కింది వరసలో ఉర్దూ కితాబులు. ప్రవక్తల కథలు, అమీర్ హమ్జా దాస్తాన్. లక్నోలో నవల్ కిషోర్ ప్రెస్ ఈ హమ్జా దాస్తాన్‌ను 46 సంపుటాలుగా అచ్చేసింది. ఆ ప్రెస్ యజమాని మున్షీ నవల్ కిషోర్ హిందువు. ఆయన ప్రెస్ ఖురాన్‌నూ అచ్చేసింది. ఏ మతం వాడి పుస్తకం ఏ మతం వాడు అచ్చేయాలని ఆనాడు ఎవరూ పంచాయితీ పెట్టలేదు. పెద్ద ఇళ్లలో సంపుటాలుంటే, మాలాంటి ఇళ్లలో చిరుగుల చిన్న పొత్తం ఒకటుండేది. చదవొచ్చిన వాళ్లు ఒక్కరే అయినా, వినేవాళ్లు ఇంటి నిండా ఉండేవాళ్లు. అక్షరం రాని ముసలమ్మకూ కథ కంఠతా వచ్చేది. చదివే పిల్ల ఒక్క వాక్యం ఎగరగొడితే పట్టేసేది. ఆమెను నిరక్షరాస్యురాలని లెక్కల్లో రాసుకోండి. పుస్తకం తెలియనిదని మాత్రం అనకండి.

ఆడవాళ్ల పుస్తకాలు వేరే ఉండేవి. 1869లో డిప్టీ నజీర్ అహ్మద్ 'మిరాతుల్ ఉరూస్' రాశాడు. ఉర్దూలో తొలి నవలగా దాన్ని చెప్తారు. ఆయన తర్వాత సాలార్‌జంగ్ కాలంలో ఈ హైదరాబాద్ రాజ్యంలోనే కొలువు చేశాడు. ఆ కథలో ఇల్లు పాడుచేసుకునే అక్క అక్బరీ, ఇల్లు నిలబెట్టే చెల్లెలు అస్గరీ ఉంటారు. ఈ పేర్లు పుస్తకం దాటి ఇళ్లలోకొచ్చాయి. కోడలు గడుసుదైతే అస్గరీ, పనికిరాదనుకుంటే అక్బరీ. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ 'బెహిష్తీ జేవర్' వచ్చింది. పెళ్లికూతురి సామాన్లో కట్టి పంపిన పుస్తకమిది. నమాజు, రోజా సంగతులతోపాటు ఉత్తరం రాయటం, లెక్కలు, మందులు, వంట కూడా ఉంటాయందులో.

ఇక్కడ ఓ మాట దాచకుండా చెప్పుకోవాలి. ఈ రెండు పుస్తకాలూ ఆడపిల్ల చేతికి అక్షరమిచ్చాయి. ఆ అక్షరంతోనే మొగుడి మాట జవదాటొద్దని నేర్పాయి. అయినా మా దాదీమాల తరం అవే ఎందుకు తిరగేసింది? ఇంట్లోకి రానిచ్చినవి అవే గనక. కానీ చదవటం వచ్చిన మనిషి ఒక్క పుస్తకం దగ్గరే ఆగదు. బెహిష్తీ జేవర్ కింద దాచుకుని నవలలు చదివిన అక్కలు ఏ ఊళ్లో లేరు?

ఆ దాచుకున్న నవల చాలాసార్లు ఇబ్నె సఫీదే అయ్యుండేది. 1952లో అలహాబాద్ నుంచి 'జాసూసీ దునియా' మొదలైంది. 1955లో ఇమ్రాన్ సిరీస్ మొదలైంది. రచయిత పాకిస్తాన్ వెళ్లిపోయినా పుస్తకాలు అలహాబాద్‌లో అచ్చవుతూనే ఉన్నాయి. హైదరాబాద్ గల్లీల్లో రోజు కిరాయికి దొరికేవి. పట్నం పోయొచ్చినవాళ్ల సంచిలో బీజాపూర్ రోడ్డు పట్టి, మర్రిచెట్ల కిందుగా మా వైపు వచ్చేవి. హంతకుడెవరో తెలిసినా మళ్లీ చదివేవాళ్లు. ఎందుకు? ఇమ్రాన్ మాటల కోసం. ఆ ఉర్దూ కోసం.

ఉర్దూ మా ఒక్కళ్లదేనా? నిజాం రాజ్యంలో 1880ల్లో ఫార్సీని తప్పించి ఉర్దూను పాలనా భాష చేశారు. 1917లో అనువాద సంస్థ దారుల్ తర్జుమా, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చాయి. వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలో చెప్పారు. తెలుగువాడి నోటికి తెలుగు చదువు అందకుండా పోయిందన్నదీ నిజమే. ఆ బాధలోంచే ఆంధ్ర మహాసభ పుట్టింది. 1936 షాద్‌నగర్ సభకు అధ్యక్షత వహించిన కొండా వెంకట రంగారెడ్డి మొయినాబాద్ దగ్గరి పెద్దమంగళారంలో పుట్టినవాడే. 1978లో ఏర్పడ్డ జిల్లాకు ఆయన పేరే పెట్టారు. తెలుగు కోసం నిలబడ్డ ఆ మనిషి వకీలుగా వాదించింది ఉర్దూ నడిచిన కోర్టుల్లో. 'గోలకొండ' పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి ఉర్దూ, ఫార్సీ బాగా తెలిసిన పండితుడు. గాలిబ్‌ను తెలుగు చేసింది దాశరథి. ఉర్దూ దొరతనాన్ని వాళ్లు ఎదిరించారు. ఉర్దూ పుస్తకాన్ని మాత్రం పారేయలేదు.

1948 సెప్టెంబర్ తర్వాత గాలి మారింది. కచేరీ భాష పోయింది, ఉస్మానియాలో బోధనా భాష పోయింది, ఉర్దూ మీద బతికిన కొలువులు పోయాయి. మా తండ్రుల తరం పిల్లల్ని తెలుగు మీడియంలో వేసింది. బతుకుతెరువు అటే ఉంది మరి. దాంతో తాఖులోని పుస్తకం చూడటానికే గానీ చదవటానికి లేకుండా పోయింది. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది. చట్టం బోర్డు మీద అక్షరం రాయగలదు. మనవడి కంటికి ఆ అక్షరాన్ని తెలిసేలా చేసేదెవరు?

ఇప్పుడు మా ప్రాంతంలో జనం పట్టుబట్టి మళ్లీ మళ్లీ చదివించుకునే ఉర్దూ ఒకటుంది. పాత భూమి కాగితాలు. జంట జలాశయాల కోసం 1996లో 111 జీవో తెచ్చారు. 2022లో ఆ ఆంక్షల్ని ఎత్తేస్తూ మరో జీవో వచ్చింది. మొయినాబాద్ ఊళ్లలో గుంట భూమికీ లెక్క పెరిగింది. సేత్వార్, పాత పహాణీ పట్టుకుని హిందువులూ ముస్లింలూ ఉర్దూ చదవగలిగిన ముసలాయన్ని వెతుక్కుంటూ పోతున్నారు. పరాయి భాష అన్న నోళ్లే "చాచా, ఇందులో మా తాత పేరుందా?" అని అడుగుతున్నాయి. ఉంది. ఆ తాత పేరు ఉర్దూలోనే ఉంది.

తెలుగు అక్షరం మాకూ ఇల్లే అయింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పుడు, 1998లో 'జల్‌జలా' వచ్చినప్పుడు మా మాట మేమే తెలుగులో చదువుకున్నాం. మళ్లీ మళ్లీ చదివే పుస్తకాల వరసలో ఇవాళ మాకవీ ఉన్నాయి. కానీ ఒక తాఖు నింపుకోవటానికి ఇంకో తాఖు ఖాళీ చేయాలా?

ముస్లిం యువకులారా, ఇంట్లో పెద్దామె ఉన్నప్పుడే అడిగి రాసుకోండి, ఏ కితాబు ఎన్నిసార్లు విన్నదో, ఎక్కడ నవ్విందో, ఎక్కడ ఒప్పుకోలేదో. తెలుగు మిత్రులారా, ఈసారి ఇష్టమైన పుస్తకాల జాబితా వేసేటప్పుడు మా గడప కూడా తొక్కండి. తాఖులో చెదలు మీకోసం ఆగవు, మాకోసమూ ఆగవు.