ఆ చిన్న ఇంటి దస్తావేజు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. చంటిపిల్లను పెంచి చూడు అన్నమాట మాత్రం ఆ సామెతలో చేర్చలేదు. అమ్మమ్మలూ నాయనమ్మలూ అత్తలూ నిండిన ఇళ్ళలో అదొక ప్రత్యేకమైన శ్రమగా వారికి తోచలేదేమో! అయినవారెవరూ దగ్గర లేని చోట, ఒక చంకన బిడ్డను వేసుకొని గోడలు లేపుకోవలసివచ్చిన సంసారం సంగతి వేరు. చరిత్రలో అటువంటి సంసారాలు కోకొల్లలు. వాటిలో లోకమంతా ఎరిగిన ఒక ఇంటి కథను, దాని కాగితాలతో సహా పరిశీలించాలని ఈ వ్యాసం.

లారా ఇంగల్స్ వైల్డర్ రచించిన 'లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ' 1935లో వెలువడింది. 1974 నుండి 1983 వరకు అమెరికన్ టెలివిజనులో ధారావాహికగా వచ్చి, పుస్తకం చదవనివారికి కూడా ఆ పేరు సుపరిచితమైంది. తండ్రి చార్లెస్, తల్లి కేరొలైన్, కూతుళ్ళు మేరీ, లారా, ఒళ్ళో పాప కేరీ, జాక్ అనే కుక్క, ఒక ఫిడేలు. గుడారపు గుడ్డ కప్పిన గుర్రపుబండిలో విస్కాన్సిన్ అడవుల నుండి కాన్సస్ గడ్డిమైదానానికి వారి ప్రయాణం. నవలలో సగానికి పైగా ఇల్లు కట్టడమే ఇతివృత్తమంటే అతిశయోక్తి కాదు.

ఆ కట్టడాన్ని రచయిత్రి ఎంత వివరంగా చెప్పిందంటే, చదివినవాడు గొడ్డలి చేతబట్టి మొదలుపెట్టవచ్చుననిపిస్తుంది. వాగు ఒడ్డున చెట్లు నరికి దుంగలు తోలుకురావడం, వాటి చివరలు గాడి కొట్టి ఒకదానిపై ఒకటి పేర్చడం, పైకప్పు తయారయ్యేదాకా బండి మీది గుడ్డనే ఇంటికి కప్పడం, మేకులు లేక తలుపును చెక్క సీలలతో బిగించడం, దుంగలను నిలువునా చీల్చి నేలమీద పరచడం, ఒక్కొక్కటీ వరుసగా వస్తుంది. గోడలు లేపేటప్పుడు ఒక దుంగ జారి కేరొలైన్ పాదం మీద పడుతుంది. ఎముక విరగనందుకు సంతోషించి ఆమె మళ్ళీ వంటపనిలో పడుతుంది. బావి తవ్వేటప్పుడు ప్రతి ఉదయమూ ముందు వెలిగించిన కొవ్వొత్తిని లోపలికి దించి చూడాలంటాడు చార్లెస్. పొరుగున ఉన్న స్కాట్ అది చాదస్తమని ఒకనాడు చూడకుండా దిగి, విషవాయువుకు స్పృహ తప్పుతాడు. పొయ్యి కట్టి పైన అరమర అమర్చాక, కేరొలైన్ ఇంతదూరం పదిలంగా తెచ్చుకొన్న పింగాణీ బొమ్మను దానిమీద నిలబెడుతుంది. మన ఇళ్ళలో పాలు పొంగించినట్లే అది వారి గృహప్రవేశం.

మా అమ్మాయికి ఈ పుస్తకాన్ని రాత్రిళ్ళు చదివి వినిపిస్తూ నేనూ ఆ ఇంటిలో ఒకడినయ్యాను. అయితే తెలుగువాడికి ఒక అలవాటున్నది. ఎక్కడ ఎవరు ఇల్లు కట్టారని విన్నా, "స్థలం ఎవరిది, ఎవరి దగ్గర కొన్నారు?" అని అడుగుతాడు. ఊరి చివర రెండు వందల గజాలు కొనాలన్నా ముప్పై ఏళ్ళ లింకు దస్తావేజులు వెనక్కి తిరగేయనిదే బయానా ఇవ్వడు. చార్లెస్ ఇంగల్స్ ఇంటికి లింకు దస్తావేజు ఏది?

దాని కోసం వెతికితే ముందుగా దొరికేది 1870 నాటి జనాభా లెక్క. మాంట్‌గోమరీ కౌంటీ రట్లండ్ టౌన్‌షిప్‌లో, ఆగస్టు నెల మధ్యలో వ్రాసినది. ఇండిపెండెన్స్ పట్టణానికి ఇల్లు నలభై మైళ్ళ దూరమని నవల చెబుతుంది గానీ, అసలు దూరం పదమూడు మైళ్ళ చిల్లర. ఆ లెక్కలో ఇంగల్స్ కుటుంబం ఉన్నది. పేర్ల చివర చంటిపిల్ల కేరీ కూడా ఉన్నది. స్థిరాస్తి విలువ వ్రాయవలసిన గడి ఖాళీగా ఉన్నది. ఎందుకు ఖాళీయో లెక్క వ్రాసినవాడే చెప్పాడు. ఈ భూములు ఒసేజ్ ఇండియన్లవని, ఇక్కడ స్థిరపడినవారెవరికీ వీటిమీద హక్కు లేదని దాని సారాంశం. మన పరిభాషలో చెప్పాలంటే, పట్టా లేని ఇల్లు.

ఇక్కడ పాప సంగతి కూడా సరిచూసుకోవాలి. నవలలో కేరీ విస్కాన్సిన్ నుండే బండిలో వస్తుంది. 1932లో వచ్చిన మొదటి పుస్తకంలో ఆమెను అప్పటికే ఒళ్ళో పాపగా చూపినందువల్ల ఈ పుస్తకంలోనూ అలాగే కొనసాగించవలసి వచ్చింది. వాస్తవానికి కేరీ 1870 ఆగస్టు 3న కాన్సస్‌లోనే, ఆ దుంగల ఇంటి కాలంలోనే పుట్టింది. జనాభా లెక్క వ్రాసేటప్పటికి ఆమె ఇంకా రోజుల పిల్ల. అప్పటికి మేరీకి ఐదేళ్ళు, లారాకు మూడున్నర. 1869లో ఆ మైదానానికి చేరిన కేరొలైన్ మరుసటి వేసవికి అక్కడే బాలింతరాలైంది. అమ్మలేదు, అక్కచెల్లెళ్ళు లేరు. ఉన్నది ఇద్దరు చిన్నపిల్లలు, దూరదూరంగా నాలుగు ఇళ్ళు.

దానికితోడు చలిజ్వరం. ఇంటిల్లిపాదీ మంచాన పడిన రోజులను లారా మరచిపోలేదు. వారికి మందిచ్చినవాడు జార్జ్ టాన్ అనే నల్లజాతి వైద్యుడు. అతడు కల్పిత పాత్ర కాదు, ఆ లెక్కలలో ఉన్న మనిషి. ఒసేజ్‌లకూ వలసవచ్చినవారికీ కూడా అతడే వైద్యం చేసేవాడు. పుచ్చకాయలు తినడం వల్లనే ఈ జ్వరమని నవలలో స్కాట్ భార్య ఘోషిస్తుంది. రాత్రి గాలి వల్లనని కేరొలైన్ అనుమానం. దోమ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. అది తేలడానికి ఇంకో ఇరవై ఏడేళ్ళు పట్టింది. తేలింది ఎక్కడో కాదు, 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో, రొనాల్డ్ రాస్ సూక్ష్మదర్శిని కింద.

ఇక భూమి కథ. 1865 నాటి ఒప్పందంతో ఒసేజ్‌లు తూర్పున ఉన్న భూములను వదులుకొని, దక్షిణ కాన్సస్‌లో మిగిలిన భాగానికి పరిమితమయ్యారు. అది వారికి ఒప్పందం ప్రకారం దఖలుపడిన నేల. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఐదేళ్ళు కాపురముండి సేద్యం చేసినవారికి భూమి ఇచ్చే పద్ధతి ఇక్కడ వర్తించదు. 1868లో ఇంకొక ఒప్పందం వ్రాశారు. ఎనభై లక్షల ఎకరాలను ఎకరం ఇంచుమించు ఇరవై సెంట్ల లెక్కన ఒక రైలు కంపెనీకి కట్టబెట్టడం దాని ఉద్దేశం. అది బయటపడి గగ్గోలు పుట్టింది, సెనేట్ ఆమోదం దొరకలేదు. అయితేనేం, ఎలాగూ ఈ భూమి త్వరలో తెల్లవారికి తెరుస్తారన్న వదంతి పొక్కింది. తెరిచేనాటికి అక్కడ ఇల్లుంటే ఆ భూమి తమదే అవుతుందన్న ఆశతో వందల కుటుంబాలు ముందుగానే వచ్చి పాతుకున్నాయి. వారిలో చార్లెస్ ఒకడు. ఇండిపెండెన్స్ పట్టణం కూడా 1869లో ఆ రిజర్వు భూమిలోనే వెలిసింది.

ఒసేజ్‌లు ఏడాదికి రెండు విడతలు అడవిదున్నల వేటకు పశ్చిమానికి వెళ్ళి తిరిగి ఊళ్ళకు వచ్చేవారు. అలా వేటకు వెళ్ళిన సమయంలోనే వారి ఊళ్ళలోకి వలసవచ్చినవారు చొరబడేవారు. గుర్రాలు దొంగిలించారు, దాచుకున్న మొక్కజొన్న కాజేశారు, చివరకు సమాధులను కూడా తవ్వారు. ఈ దురాగతాలను ఆనాటి ఒసేజ్ ఏజెంటు ఐజక్ గిబ్సన్ తన నివేదికలలో ప్రభుత్వానికి మొరపెట్టుకున్నాడు. నవలలో ఒసేజ్‌లు చెప్పాపెట్టకుండా ఇంటిలోకి వచ్చి మొక్కజొన్న రొట్టె, పొగాకు పట్టుకుపోయే ఘట్టాలున్నాయి. చిన్నపిల్ల కళ్ళతో అవి భయానకంగా ఉంటాయి. భూమి ఎవరిదో తెలిసి చదివితే అవే ఘట్టాలు వేరే అర్థం ఇస్తాయి. తన స్థలంలో ఇల్లు వేసుకున్నవాడి దగ్గరకు యజమాని వస్తే, కనీసం ఒక పూట తిండి పెట్టమని అడగడం దొంగతనమా?

ఇద్దరు పసిపిల్లల గురించి చెప్పకుండా ఈ కథ పూర్తికాదు. లారా 1930లో వ్రాసిన ఆత్మకథ చిత్తుప్రతి 'పయనీర్ గర్ల్' 2014లో గాని అచ్చు కాలేదు. అందులో, తండ్రి పెద్దపిల్లలిద్దరినీ ఒసేజ్‌లు ఖాళీచేసి వెళ్ళిన విడిదికి తీసుకువెళతాడు. అక్కడ మట్టిలో రంగురంగుల పూసలు ఏరుకొని ఇంటికి వచ్చేసరికి తల్లి పక్కన పసికందు ఉంటుంది. నవలలో ఆ పూసలనే దండగా గుచ్చి పాప మెడలో కడతారు. తన పూసలు ఇవ్వడానికి మనసొప్పక లారా లోలోపల మథనపడుతుంది. ఆ పూసలు జారవిడిచిన తల్లి ఎవరో, ఆమె బిడ్డ ఎవరో పుస్తకం చెప్పదు.

రెండవ పాప నవల చివరి భాగంలో కనిపిస్తుంది. ఒసేజ్‌లు గుర్రాలమీద బారులు తీరి ఇంటి ముందు నుండి గంటల తరబడి సాగిపోతుంటే, ఒక గుర్రానికి కట్టిన బుట్టలో నుంచి నల్లని కళ్ళ పాపాయి లారాను చూస్తుంది. ఆ పాప తనకు కావాలని లారా వెక్కివెక్కి ఏడుస్తుంది. వాళ్ళమ్మకు ఆ పాప కావాలి కదా అంటాడు తండ్రి. మన ఇంట్లో మన పాప ఉన్నది కదా అని కేరొలైన్ అడుగుతుంది. ఎందుకు ఏడుస్తున్నదో లారా చెప్పలేకపోతుంది. అరవై ఏళ్ళ తరువాత రచయిత్రి అయిన లారా కూడా చెప్పలేదు. చెప్పకుండా వదిలేయడం వల్లనే ఆ పుట ఇన్నాళ్ళూ నన్ను వెంటాడుతున్నదనుకుంటాను. ఒక పాపకు గోడ లేస్తున్నప్పుడు మరొక పాపకు ఊరు పోతున్నది. పుస్తకం మొత్తంలో ఆ రెండూ ఒకే చూపులో కలిసేది ఆ ఒక్క చోటనే.

కాలక్రమం గమనించండి. ఒసేజ్‌లను కాన్సస్ నుండి తరలించి, భూమిని ఎకరం డాలరు పావలా చొప్పున స్థిరపడినవారికి అమ్మే చట్టాన్ని అమెరికన్ కాంగ్రెసు 1870 జూలై 15న చేసింది. పంతొమ్మిది రోజులకు కేరీ పుట్టింది. సెప్టెంబరులో డ్రమ్ క్రీక్ వాగు దగ్గర ఒసేజ్ పెద్దలు వేరే దారిలేక దానికి సమ్మతించారు. వచ్చిన సొమ్ములోంచే చెరోకీల వద్ద, నేటి ఓక్లహోమాలో, సుమారు పదిహేను లక్షల ఎకరాలు కొనుక్కొని తరలిపోయారు.

సైనికులు వచ్చి ఖాళీ చేయిస్తారన్న కబురు విని చార్లెస్ ఇల్లు వదిలివేశాడని నవల అంటుంది. 1871 వసంతానికి చట్టం వలసవచ్చినవారి పక్షానే ఉన్నది. 160 ఎకరాలకు 200 డాలర్లు కట్టుకుంటే ఆ ఇల్లు అతడిదయ్యేది. అతడు వెనుదిరగడానికి విస్కాన్సిన్‌లో వాయిదాల మీద అమ్మిన పొలం కొన్నవాడు సొమ్ము కట్టలేకపోవడం ఒక ముఖ్యకారణం. రావలసిన డబ్బు రాలేదు, పాత పొలం చేతికి వచ్చింది. తొమ్మిది నెలల కేరీని ఒళ్ళో పెట్టుకొని కేరొలైన్ మళ్ళీ బండి ఎక్కింది. గోడలు, కిటికీ అద్దాలు, బావి, పొయ్యి అన్నీ అక్కడే మిగిలాయి. ఆ తరువాత మిన్నెసోటా, అయొవా తిరిగి, చివరకు డకోటాలోని డిస్మెట్‌లో 1887లో అతడు కట్టిన ఇల్లే కడదాకా నిలిచింది. 1902లో ఆ ఇంట్లోనే కన్నుమూశాడు.

ఒసేజ్‌ల కథ అంత తేలికగా ముగియలేదు. కొన్న నేల కింద చమురు పడింది. 1906లో ఖనిజ హక్కులను తెగ ఉమ్మడి ఆస్తిగా నిలుపుకొన్నారు. ఆ సంపద కోసమే 1920లలో వారిని వరుసగా హతమార్చారు. 'కిల్లర్స్ ఆఫ్ ద ఫ్లవర్ మూన్' అన్న పుస్తకం (2017), చలనచిత్రం (2023) ఆ దారుణం గురించినవే.

నవల మొదటి అధ్యాయంలో ఆ మైదానంలో మనుషులు లేరని, ఇండియన్లు మాత్రమే ఉన్నారని అర్థమిచ్చే వాక్యం ఒకటి ఉండేది. 1952లో ఒక పాఠకుడు అభ్యంతరం తెలిపితే, 1953 ముద్రణలో 'మనుషులు' అన్నచోట 'వలసవచ్చినవారు' అన్న మాట వేశారు. ఒక్క పదం మార్పు. 2018లో అమెరికా బాలసాహిత్య గ్రంథాలయ సంఘం తన పురస్కారానికి ఉన్న వైల్డర్ పేరును తొలగించింది. అప్పుడు వాదోపవాదాలు పెద్దయెత్తున చెలరేగాయి.

పుస్తకాన్ని అటకెక్కించమని నేననను. దుంగ మీద దుంగ పేర్చిన ఆ చేతుల శ్రమ నిజం. పరాయిచోట పురుడు పోసుకొన్న ఆ తల్లి ధైర్యం నిజం. ఆ ఇల్లు వేరొకరి ఊరిలో లేచిందన్నదీ అంతే నిజం. మొదటి రెండింటిని చెప్పి మూడవదాన్ని దాస్తే అది చరిత్ర కాదు, లింకు దస్తావేజు చింపేసి చేసిన రిజిస్ట్రేషను. ఈనాడు కాన్సస్‌లో, ఓక్లహోమాలో, టెక్సస్‌లో మన తెలుగువారెందరో చంటిపిల్లలతో కొత్త ఇళ్ళలో పాలు పొంగిస్తున్నారు. మనం కొన్నవి సక్రమమైన కాగితాలతోనే. ఆ కాగితాల గొలుసులో మొదటి కొక్కెం ఎక్కడ తగిలించారో పిల్లలకు చెప్పడం మన పని.

ఆసక్తి కలిగినవారు నవలతోపాటు 'పయనీర్ గర్ల్' కూడా చదవండి. పక్కన ఒక కాన్సస్ పటం పెట్టుకొని, వెర్డిగ్రిస్ నది ఎక్కడున్నదో ముందు వెతుక్కోండి. ఆ నది పొడుగునా ఒకప్పుడు ఒసేజ్ ఊళ్ళుండేవి.