క్లౌ దొర ఒంగోలులో తొలి ఏడాది

మా ఒంగోలులో క్లౌ దొర పేరెత్తగానే అందరూ 1878 దగ్గరికి వెళ్లిపోతారు. ఆ ఏడు జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చిన్నప్పుడు సండేస్కూల్లో ఆ అంకె మా చేత ఎన్నిసార్లు చెప్పించారో! వయసు మీదపడే కొద్దీ నా మనసు మాత్రం అంతకు పన్నెండేళ్ల వెనక్కి, 1866 సెప్టెంబరుకు పోతోంది. అప్పటికాయన పెద్ద దొరేం కాదు. నెల్లూరు నుంచి కాపురం మార్చుకుని ఈ ఊళ్లో దిగిన ముప్పై ఏళ్ల మనిషి.

జాన్ ఎవరెట్ క్లౌ అమెరికాలో కుర్రతనంలో సర్వే పనిచేసినవాడు. 1865లో భార్య హారియెట్‌తో నెల్లూరు చేరి, తెలుగు దిద్దుకుంటూ ఏడాదిన్నర గడిపాడు. నెల్లూరు మిషను పరిస్థితి అప్పట్లో అంతంత మాత్రం. ఏళ్ల తరబడి శ్రమించినా సంఘంలో చేరినవాళ్లు గుప్పెడు మంది. దాన్ని మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆలోచించారు కూడా. మూయనివ్వక పట్టుబట్టినవాడు నెల్లూరు మిషనరీ లైమన్ జువెట్. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆయన మరో నలుగురితో మా ఊరి కొండెక్కి, ఇక్కడికొక మిషనరీని పంపమని ప్రార్థించాడు. అందుకే అది మాకు ప్రార్థన కొండ. ఆ ఎదురుచూపు పన్నెండేళ్లు సాగాక వచ్చినవాడు క్లౌ.

ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే. జిల్లా మారలేదు, భాష మారలేదు. అయినా మకాం మారితే మనిషికి అంతా కొత్తే కదా. నెల్లూరులో వెనక జువెట్ ఉన్నాడు, సందేహం వస్తే అడగొచ్చు. ఇక్కడ నిర్ణయం తనదే, తప్పూ తనదే. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

ఊళ్లోని పెద్దకులాల వాళ్లు ఆయన్ని బాగానే ఆదరించారు. తమ పిల్లలకు బడి పెట్టమన్నారు, పెట్టాడు. ఏ మిషనరీకైనా అంతకంటే ఏం కావాలి? పెద్దలు కలిసొస్తే ఊరంతా కలిసొస్తుందని అప్పటి చాలామంది మిషనరీల లెక్క. ఆయనదీ అదే లెక్క. దాన్ని తారుమారు చేసినవాడు మా పడమటి పల్లెల మనిషి, తాళ్లకొండపాడు మాదిగ యర్రగుంట్ల పేరయ్య.

పేరయ్యది తోళ్ల వ్యాపారం. అంతకుముందే రాజయోగ గురువుల దగ్గర ఉపదేశం పొంది, దేవుడెవరన్న ప్రశ్నతో ఏళ్లు గడిపినవాడు. తోళ్ల కోసం ఏలూరు దాకా వెళ్లినప్పుడు అక్కడొక మిషనరీ నోట క్రీస్తు మాట విన్నాడు. 1866లో, క్లౌ ఇంకా నెల్లూరులో ఉండగానే, భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఇంటికెళ్లి ఊరుకోలేదు. పల్లెపల్లెకూ తిరిగి చెప్పాడు. క్లౌ ఇక్కడ సామాను సర్దుకునేలోపే ఆయన కోసం జనం సిద్ధంగా ఉన్నారు.

1867 జనవరిలో పేరయ్య పిలుపు మీద క్లౌ తాళ్లకొండపాడు వెళ్లాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడా మగా తిండిగింజలు మూటకట్టుకుని, పక్కబట్టలు చంకన పెట్టుకుని వచ్చారు. దొర వచ్చాడు, చూసిపోదామని వచ్చినవాళ్లు కాదు, ఉండి వినాలని వచ్చినవాళ్లు. చెట్ల కింద అయిదు రోజులు కూర్చున్నారు. చివర్లో 28 మంది బాప్తిస్మం పొందారు. ఆ మూటల గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. పనికి పోకపోతే పూట గడవనివాళ్లు అయిదు రోజుల తిండి ఎలా కూడబెట్టుకున్నారో!

ఇటు ఒంగోలులో చిక్కు మొదలైంది. మాదిగల్ని చేర్చుకుంటే మా పిల్లల్ని పంపమని పెద్దకులాల వాళ్లు తేల్చి చెప్పారు. ఏం చేయాలో తోచక క్లౌ బైబిలు తెరిస్తే, లోకం ఎన్నిక చేయనివారినే దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు కొరింథీయులకు రాసిన చోటు కంటపడిందట. పక్క గదిలో హారియెట్‌కూ విడిగా అదే చోటు కనిపించిందట. దీన్ని ఎవరు ఎలాగైనా తీసుకోవచ్చు, నేను నమ్ముతాను. ఆయన మాదిగల పక్షాన నిలబడ్డాడు. పెద్దకులాల పిల్లలు బడి మానేశారు.

చేరినవాళ్ల కష్టం దీనికంటే పెద్దది. ఆదివారం పనిచేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. క్లౌ అడిగినవి ఈ మూడే. కానీ ఊరి కొలువులో తరతరాలుగా కట్టుబడ్డ మనిషి ఆదివారం పనికి రాననడం, జాతరలో డప్పు కొట్టననడం చిన్న సంగతా? రావలసిన గింజలు ఆగిపోయాయి, దెబ్బలూ పడ్డాయి. ఆ తెగువ పల్లెలది. దాన్ని క్లౌ ఖాతాలో రాసేయడం నాకు ఒప్పుదల కాదు.

క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో ఈ పల్లెల కథలతో ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అని పుస్తకం రాసింది. పేరయ్య గురువుల సంగతులు అందులో ఉన్నాయి. ఒంగోలు వాళ్లు చదవాల్సిన పుస్తకం అది.

తర్వాత 1876-78 కరువు. పాత సర్వే చదువు అక్కరకొచ్చింది. బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం క్లౌ గుత్తకు తీసుకుని ఆకలి జనానికి కూలి చూపించాడు. గింజల కోసం చేరారన్న మాట రాకూడదని కరువు పనులు సాగినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు.

ఆ 1878 జూలై 3న కూడా క్లౌ నీళ్లలోకి దిగలేదు. తెల్లారినప్పటి నుంచి సాయంత్రం దాకా, మధ్యాహ్నం కాసేపు ఆగి, గుండ్లకమ్మలో ఇద్దరేసి చొప్పున వంతులు మార్చుకుంటూ బాప్తిస్మం ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు.