కాంటా దగ్గర రైతు: ఎనుమాముల నుంచి ముల్కనూరు దాకా

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ జోరు మీదున్నప్పుడు రాత్రంతా బండ్లు దిగుతూనే ఉంటాయి. నర్సంపేట, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపుల నుంచి వచ్చిన బస్తాలను హమాలీలు ఆడ్తి దుకాణాల ముందు వరుసగా పేరుస్తారు. పొద్దున్నే జెండా పాట. ఆ రోజు యార్డుకు వచ్చిన సరుకులో మేలైనదానికి పలికిన ధర అది. మరునాడు పేపర్లో అచ్చయ్యేదీ అదే. ఆ ధర చేతికందే రైతులు మాత్రం కొద్దిమంది. తేమ ఉందని, తాలు కలిసిందని, రంగు తగ్గిందని ఒక్కో రాశి దగ్గర ధర దిగుతుంది. ఆ మీదట కాంటా, తరుగు, హమాలీ, కమీషన్. చివరికి తక్‌పట్టీ అనే లెక్క చీటీ మీద మిగిలే అంకెలోంచి ఆడ్తిదారు ఎండాకాలం ఇచ్చిన అప్పు, దాని వడ్డీ పోతాయి.

117 ఎకరాల ఈ యార్డుకు ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటన్న పేరుంది. దీనికి సరుకు తెచ్చే పల్లెలు భూమి కోసం తుపాకీ పట్టిన పల్లెలు. అంత పోరాట చరిత్ర వెనకున్న రైతు కాంటా ముందుకు వచ్చేసరికి ఒంటరివాడెందుకయ్యాడు? నాకు తోచిన జవాబు ఒకటుంది. ఈ ప్రాంతంలో ఎర్రజెండా ఒక దారిన, సహకార సంఘం మరో దారిన నడిచాయి. రెండూ కలిసి గంజ్‌కు రాలేదు.

మార్కెట్ల మీద మొదటి చట్టాలు రైతు కోసం పుట్టినవి కావు. నిజాంది అన్న పేరున్నా బ్రిటిష్ వాళ్ల ఏలుబడిలో ఉన్న బేరార్‌లో, కారంజా అనే ఊళ్లో 1886లో మొదటి నియంత్రిత మార్కెట్ వెలిసింది. మాంచెస్టర్ మిల్లులకు కల్తీ లేని పత్తి సరసమైన ధరకు అందాలన్నది అందులోని అసలు అక్కర. హైదరాబాద్ రాజ్యంలో వ్యవసాయ మార్కెట్ల చట్టం 1930లో, అంటే 1339 ఫసలీలో వచ్చింది. 1934లో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు మొదలయ్యాక చుట్టుపక్కల పత్తికి కొత్త గిరాకీ పుట్టింది. చట్టం వల్ల తూకానికి లెక్క, కమీషన్‌కు హద్దు ఏర్పడిన మాట నిజమే. కానీ సరుకు గంజ్‌కు చేరకముందే అది ఎవరిదో తేలిపోయి ఉండేది. విత్తనాలకు, శిస్తుకు, పెళ్లికి అప్పిచ్చిన సావుకారిదే పంట. అదీ గాక పల్లెలో చాలామందికి దున్నే చెలకే సొంతం కాదు. దొరలు, దేశ్‌ముఖ్‌ల కింద కౌలుకో వెట్టికో బతికేవాళ్లకు గంజ్ ధర ఎంతైతే ఏమిటి?

అందుకే తెలంగాణలో రాజకీయం భూమి దగ్గరే రాజుకుంది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి సభ జరుపుకున్న ఆంధ్ర మహాసభ తొలి రోజుల్లో భాష గురించి, చదువుల గురించి మాట్లాడిన సంస్థ. 1944 భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక అది పల్లెల్లో 'సంఘం' అయింది. యుద్ధకాలంలో సర్కారు లెవీ ధాన్యం పేరిట చిన్న రైతు గాదెలు ఊడ్చి, దొరల గాదెల జోలికి పోలేదు. ఆ కోపం సంఘానికి బలమిచ్చింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోబోతే సంఘం కార్యకర్తలు అడ్డం నిలిచి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. 1946 జులై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ తర్వాతి ఐదేళ్ల సాయుధ పోరాటం కథ ఈ నేల మీద ప్రతి ఇంటికీ తెలుసు. దాదాపు మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టు పార్టీ లెక్క చెప్పింది. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో వరంగల్ లోక్‌సభ స్థానంలో కమ్యూనిస్టుల ఎన్నికల వేదిక పి.డి.ఎఫ్. అభ్యర్థి పెండ్యాల రాఘవరావు గెలిచారు. ఓడినవారు కాంగ్రెస్ తరఫున నిలబడ్డ కాళోజీ నారాయణరావు. జనం మనసు అప్పుడెటు ఉన్నదో చెప్పడానికి ఈ ఒక్క ఫలితం చాలు.

ఐలమ్మ పంట దగ్గర నేను కాసేపు ఆగుతాను. కళ్లం నుంచి ఇంటిదాకా సంఘం ఆమె వెంట నడిచింది. ఇంటి నుంచి గంజ్ దాకా నడిచే సంఘం మాత్రం తయారు కాలేదు. నిర్బంధంలో, అడవుల్లో, జైళ్లలో ఉన్న ఉద్యమం గోదాములు కట్టలేదని నింద వేస్తే అది అన్యాయం. వెట్టిని, భూమి నుంచి గెంటేసే బేదఖళ్లను ఆపడమే ఆనాటి అవసరం. కానీ రక్షిత కౌలుదారు చట్టం వచ్చాక, 1952 తర్వాత ఉద్యమ నాయకులు శాసనసభలో కూర్చున్నాక, రైతుకు ఎడ్లకూ విత్తనాలకూ పెట్టుబడి ఎక్కడిది, పండింది ఎవరికి అమ్మాలి అన్న ప్రశ్నలు ముందుకొచ్చాయి. వాటికి వామపక్షం దగ్గర డిమాండ్లు ఉన్నాయి, సంస్థలు లేవు.

ఈ రెండూ ఒకే చేతిలో ఉన్న చోటు ఒకటుంది. కెనడా ప్రెయిరీ మైదానాల్లో, సస్కాచవాన్ రాష్ట్రంలోని సింటలూటా అనే చిన్న ఊళ్లో ఇ.ఏ. పార్ట్రిడ్జ్ గోధుమ పండించే రైతు. అక్కడి రైతుల గోడు వింటే ఎనుమాములలో విన్నట్టే ఉంటుంది. రైల్వే స్టేషన్ పక్కన ధాన్యం గోదాముల కంపెనీలు తూకంలో కోస్తాయి, గ్రేడు తగ్గిస్తాయి, చెత్త పేరున తరుగు తీస్తాయి. 1902లో సింటలూటా రైతులు రైలు పెట్టెల కేటాయింపు మీద రైల్వే వాళ్లను కోర్టుకు లాగి గెలిచారు. 1905లో పార్ట్రిడ్జ్ విన్నిపెగ్ వెళ్లి ధాన్యం ఎక్స్ఛేంజి ఎలా నడుస్తుందో దగ్గరుండి చూశాడు. మరుసటి ఏడాదే రైతుల వాటాలతో ఒక ధాన్యం కంపెనీ పెట్టి ఆ ఎక్స్ఛేంజిలోనే సీటు కొన్నారు. లాభం రైతులకే తిరిగి పంచుతామన్నందుకు వ్యాపారులు వాళ్లను వెలేశారు. విన్నిపెగ్ ఉన్న మానిటోబా రాష్ట్ర ప్రభుత్వం మీద రైతులు ఒత్తిడి తెచ్చి మళ్లీ లోపలికి వచ్చారు.

1924లో సస్కాచవాన్ వీట్ పూల్ ఏర్పడింది. ఐదేళ్లపాటు గోధుమలన్నీ పూల్‌కే ఇస్తామని రైతులు ఒప్పంద పత్రాల మీద సంతకాలు చేశారు. ఆర్థిక మాంద్యంలో ధరలు కూలిపోతే పూల్ కూడా కుదేలైంది, ప్రభుత్వాలు పూచీ పడి నిలబెట్టాల్సి వచ్చింది. సహకారం ఒక్కటే చాలదని, రాజ్యాధికారం కూడా కావాలని అక్కడి రైతుకు అప్పుడు బోధపడింది. 1932లో రైతులు, కార్మికులు, సోషలిస్టులు కలిసి సి.సి.ఎఫ్. అనే పార్టీ పెట్టుకున్నారు. 1944లో టామీ డగ్లస్ నాయకత్వంలో అది సస్కాచవాన్‌లో అధికారానికి వచ్చింది. ఉత్తర అమెరికాలో మొదటి సోషలిస్టు ప్రభుత్వం అది. అందరికీ ఉచిత వైద్యం 1962లో అక్కడే మొదలైంది. పగలు పూల్ సమావేశానికి పోయిన రైతే సాయంత్రం పార్టీ సమావేశానికి పోయేవాడు. మన దగ్గర జరగనిది అదే.

మన దగ్గర సహకారం పైనుంచి దిగింది. 1904 నాటి బ్రిటిష్ చట్టం, దాని బాటలో 1914లో హైదరాబాద్ రాజ్యం చేసిన చట్టం, రెండూ అప్పు ఇచ్చే సొసైటీల కోసమే. గోర్వాలా కమిటీ 1954లో ప్రకటించిన గ్రామీణ పరపతి సర్వేలో రైతు అప్పుల్లో సహకార సంఘాల వాటా దాదాపు మూడు శాతమని తేలింది. దానికి మందుగా సర్కారే సంఘాల్లో వాటాదారు కావాలన్నారు. వాటాతోపాటు అధికారి వచ్చాడు. అధికారి వెంట ఎమ్మెల్యే వచ్చాడు. సంఘం సభ్యులదన్న సంగతి సభ్యులే మరిచిపోయారు.

1959లో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేసేసరికి భూమి ఎక్కడ పోతుందోనన్న భయం కూడా దీనికి తోడైంది. నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1936లో లక్నోలో సోషలిస్టులతో కలిసి అఖిల భారత కిసాన్ సభ నిర్మించిన మనిషి, ఈ తీర్మానాన్ని ఎదిరిస్తూ కాంగ్రెస్ వదిలి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి అధ్యక్షుడయ్యారు. రంగా అనుమానం పూర్తిగా తప్పని నేను అనను. సొంత చెలక మీద రైతుకున్న మమకారాన్ని ఢిల్లీలో తీర్మానాలు రాసినవాళ్లు సరిగ్గా అంచనా వేయలేదు. కానీ భూమి కలపడం వేరు, అమ్మకం కలపడం వేరు. ఆ తేడాను పల్లెల్లో విడమరిచి చెప్పే పార్టీ ఒక్కటీ లేకపోయింది.

పార్టీలు చెప్పని ఆ తేడాను ఒక ఊరు చేసి చూపింది. హనుమకొండ నుంచి ఎల్కతుర్తి మీదుగా హుస్నాబాద్ పోయే దారిలో ముల్కనూరు ఉంటుంది. అప్పట్లో కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలం. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి అక్కడ 14 ఊళ్లకు కలిపి ఒక సహకార గ్రామీణ బ్యాంకు పెట్టారు. ఒక్కో ఊరికి ఒక చిన్న సొసైటీ అన్న పద్ధతిలో ఏ సొసైటీకీ గుమస్తా జీతం కూడా గిట్టని రోజులవి. 14 ఊళ్లంటే వ్యాపారం గిట్టేంత పెద్దది, ఎవరి అప్పు ఎంతో అందరికీ తెలిసేంత చిన్నది.

ముల్కనూరు బలం అప్పునూ అమ్మకాన్నీ ఒకే ముడి వేయడంలో ఉంది. సంఘమే పెట్టుబడి ఇస్తుంది, ఎరువులు, విత్తనాలు ఇస్తుంది. పంట వచ్చాక సంఘమే కొంటుంది, అప్పు అక్కడే జమ కట్టుకుంటుంది. కొన్న వడ్లను మిల్లు పట్టిస్తుంది, పత్తిని జిన్నింగ్ చేయిస్తుంది, విత్తన వడ్లను శుభ్రం చేసి బయటి రైతులకు అమ్ముతుంది. మిగిలిన లాభం సభ్యుడు పోసిన సరుకును బట్టి బోనస్‌గా తిరిగొస్తుంది. ఆడ్తిదారు రైతును కట్టిపడేసేదీ ఈ ముడితోనే. తేడా ఒక్కటే, ఇక్కడ ముడి కొస రైతుల చేతిలోనే ఉంది.

విశ్వనాథరెడ్డి ఎర్రజెండా మనిషి కారు. ఆయన కుమారుడు, సంఘానికి అధ్యక్షుడుగా ఉన్న ప్రవీణ్‌రెడ్డి 2009లో కాంగ్రెస్ తరఫునే హుస్నాబాద్ ఎమ్మెల్యే అయ్యారు. ఊళ్లో పలుకుబడి ఉన్న కుటుంబం చేతిలో పెరిగిన సంఘం ఇది. భూమి లేని కూలీకి ఇందులో చోటెంత అని అడగడం న్యాయమే. అయినా పల్లెలో దళారీ వ్యాపారాన్ని ఇంతకాలం పక్కన పెట్టగలిగిన సంస్థ ఈ జిల్లాల్లో ఇదొక్కటే కనిపిస్తుంది. సోషలిస్టులు మాటగా చెప్పిన పనిని, ఆ పేరు పెట్టుకోకుండా ఈ రైతులు చేశారు.

ముల్కనూరును చూసి 1970లలో చుట్టుపక్కల అలాంటి సంఘాలు కట్టే ప్రయత్నం మొదలైంది. అందులోంచి సహకార వికాస సంస్థ పుట్టింది. సర్కారు వాటా, సర్కారు పెత్తనం లేకుండా సంఘాలు నడవాలని ఏళ్ల తరబడి వాదించింది. దాని ఫలితమే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, దేశంలో ఆ తరహా చట్టాల్లో మొదటిది. 1990 నుంచి వరంగల్, కరీంనగర్ పల్లెల్లో మహిళల పొదుపు సంఘాలు లేచాయి. ఆ మహిళలే 2000లో ముల్కనూరులో సొంత డెయిరీ పెట్టుకున్నారు. 'స్వకృషి' పాలు అక్కడివే. పాలు పోసేవాళ్లు, పాలకవర్గంలో కూర్చునేవాళ్లు అందరూ ఆడవాళ్లే.

అదే సమయంలో ఎర్రజెండా కూడా ఊరికే లేదు. 1990లో వరంగల్‌లో రైతు కూలీ సంఘం సభలకు జనం లక్షల్లో వచ్చారు. తునికాకు ధర, కూలి రేట్లు పోరాడి పెంచుకున్నారు. ఎనుమాములలో హమాలీ సంఘాలు ఇవాళ్టికీ ఎర్రజెండా కిందే ఉన్నాయి. బస్తాకు ఇంత అని హమాలీ రేటు అడిగే సంఘం ఉంది. ఆ బస్తాలోని మిర్చికి ఇంత అని అడిగే సంఘం లేదు.

ఆ లోటు ఎంత ఖరీదైనదో 1997-98లో తేలింది. అకాల వర్షాలు, పురుగు కలిసి పత్తిని ఊడ్చేసిన ఆ ఏడాది వరంగల్ జిల్లాలో వందల మంది రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. మందు అమ్మినవాడు, అప్పిచ్చినవాడు, పత్తి కొనేవాడు చాలా చోట్ల ఒక్కడే. ఆ చావుల మీద సభలు జరిగాయి, నివేదికలు వచ్చాయి. జిల్లా అంతటా ముల్కనూరులు కట్టాలన్న ఉద్యమం మాత్రం ఏ పార్టీ ఎత్తుకోలేదు. 2017లో మిర్చి ధర పడిపోయి ఖమ్మం యార్డులో రైతులు కాంటాలు విరగ్గొట్టినప్పుడు కూడా కథ అంతే. వాళ్లకు బేడీలు వేసినందుకు రాష్ట్రం అట్టుడికింది, మరుసటి సీజన్‌కు అదే రైతు అదే ఆడ్తి దగ్గరికి బస్తాలు తెచ్చాడు.

సహకారానికీ దాని సొంత జబ్బులున్నాయి. సస్కాచవాన్ పూల్ పెద్దదై పెద్దదై 1996లో స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కింది, 2007లో విటెరా కంపెనీగా మారింది, తర్వాత బహుళజాతి వ్యాపారుల చేతికి పోయింది. పార్ట్రిడ్జ్ ఏ వ్యాపారుల మీద తిరగబడ్డాడో చివరకు వాళ్ల వారసులకే రైతుల గోదాములు దక్కాయి. ముల్కనూరు తన ఊళ్ల హద్దు దాటి విస్తరించడానికి తొందరపడకపోవడం కొందరికి పిరికితనంగా కనిపిస్తుంది. నాకది తెలివిగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఈ ప్రశ్న మళ్లీ ఎనుమాములకే వచ్చి చేరింది. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ ఉండే వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దరఖాస్తు పెట్టింది తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ. అంటే ఆ పేరు మీద హక్కు మొదటిసారి పండించినవాళ్ల చేతికి వచ్చింది. కానీ సరుకును ఆరు నెలలు కోల్డ్ స్టోరేజీలో ఆపుకునే స్తోమత, ఆ ఆరు నెలలూ ఇల్లు గడవడానికి ఆడ్తిదారుది కాని అప్పు, ఈ రెండూ సమకూరే దాకా చపాటా బస్తాలు కూడా జెండా పాట దగ్గరే దిగుతాయి. ముల్కనూరు రైతులు 1956లో మొదట అప్పు సంగతి చూసుకున్నారు, ఆ తర్వాతే మిల్లు కట్టారు. తిమ్మంపేట రైతులకు ఆ అప్పు ఎవరిస్తారన్నది జిల్లా సహకార బ్యాంకూ, రైతు సంఘాల జెండాలు మోసేవాళ్లూ ఈ సీజన్‌లోనే తేల్చాల్సిన విషయం.